నీటి లెక్క ఊరి చేతికి రావాలంటే: బోరు పల్లెల్లో స్వచ్ఛంద సంస్థల పని మీద ఒక కేస్ స్టడీ

“మీ బోరులో ఎన్ని నీళ్లున్నాయన్నా?” అని అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లో ఎవరిని అడిగినా జవాబు ఇంచుల్లోనే వస్తుంది. “రెండించులు.” కొందరి లెక్కలో అది డెలివరీ పైపు సైజు. కొందరి లెక్కలో బోరు బండి వచ్చిన రోజు వీ-నాచ్ పలక (V ఆకారపు గాడి ఉన్న కొలత పలక) మీద కనిపించిన నీటి ఎత్తు. ఆ ఎత్తు రెండించులైతే గంటకు సుమారు 2,900 లీటర్లు. నాలుగించులైతే దానికి రెట్టింపు అనుకుంటారు గానీ 16,000 దాటుతుంది. అంటే గట్టుకు ఇటూ అటూ ఉన్న ఇద్దరు రైతులు ఐదున్నర రెట్ల తేడాను రెండు రెట్లనుకుని మాట్లాడుకుంటున్నారన్నమాట. పైగా అది బోరు వేసిన రోజు సంగతి. పదేళ్ల తర్వాత కూడా అదే మాట చెప్తారు.

వయోజన విద్య ఒక శాఖలో, భూగర్భజలాలు ఇంకో శాఖలో, పంచాయతీ ప్రణాళిక మరో శాఖలో నడుస్తాయి. ఊళ్లో మాత్రం ఈ మూడూ “ఎన్ని నీళ్లు” అనే ఒక్క ప్రశ్న దగ్గరే కలుస్తాయి. ఈ మూడింటి మధ్య స్వచ్ఛంద సంస్థ ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలి అన్నదే ఈ కేసులో చూడాల్సిన విషయం.

కేసు

ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకం, పొట్టిగా ఏపీఎఫ్ఏఎంజీఎస్, 2003లో మొదలైంది. అంతకుముందు నెదర్లాండ్స్ సాయంతో నడిచిన ఏపీవెల్ పథకం సన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించింది. బోర్లు పడ్డాయి, మరి వాటిలో నీళ్లు నిలవాలంటే ఏం చేయాలన్న ప్రశ్న మిగిలింది. నంద్యాలలోని బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందు నడిచి, మరికొన్ని సంస్థలను కలుపుకుని, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాంకేతిక తోడ్పాటుతో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా ఊళ్లలో ఈ పని నడిపింది.

ఇక్కడ పనికి హద్దు ఊరి పొలిమేర కాదు, వంక. ఒక వంకలోకి నీళ్లు చేర్చే నేలంతా ఒక యూనిట్. ఊరికో భూగర్భజల కమిటీ, యూనిట్ మొత్తానికి ఆ కమిటీల సమాఖ్య. పంట మార్చమని ఎవరికీ ఉత్తర్వు లేదు, మార్చినందుకు డబ్బూ లేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి, నీరు మితిమీరి తోడేసిన గ్రామాల్లో బోర్లు వేయకూడదు. కాగితం మీద గట్టి చట్టమే. కానీ అప్పు చేసి, కొబ్బరికాయ పట్టే ఆయనతో చోటు చూపించుకుని, రాత్రికి రాత్రే బోరు బండి తెప్పించుకునే రైతును మండల స్థాయి అధికారి ఎన్ని చోట్లని ఆపగలడు? ఈ పథకం ఆపే పనికి పోలేదు. కొలవడం నేర్పి, ఆపుకునేదీ లేనిదీ రైతుకే వదిలింది.

నేర్పిన పద్ధతికి మూలం 1989లో ఇండోనేషియాలో వరి పురుగుల మీద మొదలైన రైతు పొలంబడి. అక్కడ మడిలో పురుగులు లెక్కపెట్టినట్టే ఇక్కడ బోరులో నీటి మట్టం చూస్తారు. పదిహేను రోజులకోసారి పాతిక ముప్పై మంది, జూన్ నుంచి మే దాకా ఒక జల సంవత్సరం. మొదట్లోనూ చివర్లోనూ పెట్టే పరీక్షలో రాత ఉండదు. పలక మీద ప్రశ్న, దాని కింద నిజమైన వస్తువులు, వాటి ముందు మూడు డబ్బాలు. వరి కంకి, శనక్కాయ చెట్టు, కొర్ర కంకి ఒక పక్కన, మూడు మట్టాల్లో నీళ్లు పోసిన సీసాలు ఒక పక్కన పెట్టి, ఏ పంటకు ఏ సీసా అని అడిగితే చదువు రానివాళ్లు కూడా చీటీ వేస్తారు. సంవత్సరం తిరిగాక అదే ప్రశ్న పెడితే నేర్చుకున్నదేమిటో డబ్బాలే చెప్తాయి.

వాన కొలత

రాయలసీమ రైతుకు వాన అంటే పదును. “ఒక పదును వాన” అంటే విత్తనం వేసేంత తడి. సేద్యానికి ఆ మాట చాలు, భూగర్భజలం లెక్కకు మిల్లీమీటర్లు కావాలి. వానమాపకం పెట్టే చోటుకు దగ్గర్లో చెట్టు గానీ ఇల్లు గానీ ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెట్టింపు దూరం వదలాలి. మూతి నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో, వంకర లేకుండా ఉండాలి. రోజూ ఉదయం 8.30కు చూసి, వాన లేకపోతే సున్న అని రాయాలి. రిజిస్టర్లో ఖాళీ గడి ఉందంటే వాన పడలేదో, చూడలేదో ఎవరూ చెప్పలేరు.

అన్నిటికంటే ఎక్కువ చెడేది గాజు గ్లాసు దగ్గర. వానమాపకం మూతి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లైతే 1 మి.మీ. వానకు 10 మి.లీ. నీళ్లు పడతాయి, 200 అయితే 20 మి.లీ. గ్లాసు మీది గీతలు ఆ మూతి సైజుకే సరిపోతాయి. గ్లాసు పగిలినప్పుడు దొరికిన గ్లాసు తెచ్చి పెడితే 20 మి.మీ. వాన రిజిస్టర్లో 40గానో 10గానో పడుతుంది, ఆ ఏడాది లెక్కంతా తప్పిపోతుంది. గ్లాసు మారిన తేదీ రిజిస్టర్లో రాయించడం, మూతి సైజు వానమాపకం మీదే పెయింటుతో రాయడం – ఈ రెండూ చేస్తే చాలు.

మట్టం, డ్రమ్ము

బోరులో నీటి మట్టం చూడటానికి గీతలున్న తీగ, చివర ప్రోబ్, పైన చిన్న బజర్. ప్రోబ్ నీటిని తాకితే మోగుతుంది. కేసింగ్ పైపు పైఅంచు నుంచి కొలిచి, నేల పైకి కేసింగ్ ఎంత లేచి ఉందో అంత తీసేయాలి. ఈ తీసివేత మర్చిపోతే ఒక్కో బోరులో అర మీటరు దాకా తేడా వస్తుంది.

మోటారు నడుస్తుండగా చూస్తే అది నీటి మట్టం కాదు, నీళ్లు లాగుతున్నప్పటి గుంట. రాత్రంతా ఆగిన బోరునే చూడాలి. ఇక్కడే ఆటో స్టార్టర్ గొడవ. ఉచిత కరెంటు వచ్చినప్పటి నుంచి దాదాపు ప్రతి స్టార్టర్ డబ్బాలో ఆటో ఉంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది, రైతు ఇంట్లో ఉన్నా సరే. కాబట్టి ఆ ఫీడరుకు కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌ను అడిగి, అది రాకముందే కొలత ముగించాలి. రాసిన సమయం కూడా రిజిస్టర్లో ఉండాలి. రెండో ఇబ్బంది ప్రోబ్ ఇరుక్కోవడం. హెచ్‌డీపీఈ పైపుకూ కేసింగుకూ మధ్య మోటారు కేబుల్ చుట్టుకుని ఉంటుంది. ప్రోబ్ దానికి తగులుకుంటే లాగేకొద్దీ తీగ తెగుతుంది. మోటారు దించేటప్పుడే పక్కన సన్నటి పీవీసీ గొట్టం దించి పెడితే ఆ బాధ ఉండదు. ఫెయిలైన బోరును పరిశీలన బోరుగా వాడొచ్చు గానీ, ముందు అందులో నాలుగు బిందెలు పోసి మట్టం దిగుతోందా లేదా చూడాలి. దిగకపోతే ఆ బోరుకు చుట్టుపక్కల నీటి పొరతో సంబంధం తెగిపోయిందన్నమాట. అలాంటి బోరు ఏడాదంతా ఒకే అంకె చూపిస్తుంది.

ఇక డ్రమ్ము. 200 లీటర్ల డ్రమ్మనే పేరు నమ్మకూడదు. 20 లీటర్ల క్యానుతో పదిసార్లు పోసి, నీళ్లు ఎక్కడికొచ్చాయో లోపల పెయింటు గీత పెట్టుకోవాలి. మోటారు వేసిన వెంటనే పట్టకూడదు. మొదట వచ్చేవి బోరులో నిలిచిన నీళ్లు, వాటి జోరు వేరు. కనీసం అరగంట పోనిచ్చి, స్టాప్‌వాచ్ పట్టి మూడుసార్లు నింపి, సగటు తీయాలి. 50 సెకన్లలో నిండితే సెకనుకు 4 లీటర్లు, గంటకు 14,400. తొమ్మిది గంటల కరెంటుకు 1,29,600 లీటర్లు.

రైతు ముఖం మారేది ఈ అంకె దగ్గర. వరికి 1,200 మి.మీ. నీరు కావాలనుకుంటే ఎకరాకు సుమారు 48.6 లక్షల లీటర్లు. ఈ బోరు తొమ్మిది గంటల చొప్పున 37, 38 రోజులు ఒక్క ఎకరం కోసమే పారాలి. శనక్కాయకు 500 మి.మీ. అయితే పదహారు రోజులు సరిపోతుంది. ‘రెండించుల’ మాట అక్కడితో ఆగిపోతుంది. ఇక నుంచి ఆ రైతు “మాది యాభై సెకన్ల బోరు” అంటాడు. ఏ ఉపన్యాసమూ చేయలేని పని డ్రమ్ము చేస్తుంది. నేర్పేవాళ్లు చేయాల్సిందల్లా స్టాప్‌వాచ్ రైతు చేతిలోనే పెట్టడం.

బోర్డు మీద లెక్క

పంట నీటి బడ్జెట్ అంటే ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావాల్సినవెన్ని అని ఊరంతా చూసేలా బోర్డు మీద వేసే లెక్క. అది చిత్త కార్తెలో, అంటే అక్టోబరు రెండో వారంలో పడాలి. అప్పటికి నైరుతి వాన తేలిపోయి ఉంటుంది, రబీ విత్తనం ఇంకా సంచుల్లోనే ఉంటుంది. స్వాతి దాటాక లెక్క వేస్తే అది పోస్ట్‌మార్టం.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా యూనిట్ తీసుకుందాం. 1,000 హెక్టార్ల గ్రానైట్ నేల, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 350 మి.మీ. వాన. కేంద్ర భూగర్భజల అంచనా పద్ధతిలో ఇలాంటి నేలకు వానలో 11 శాతం, బంకమన్ను ఎక్కువైతే 8 శాతం కిందికి ఇంకుతుందని తీసుకుంటారు. 10 శాతమే వేసుకున్నా 3.5 లక్షల ఘనపు మీటర్లు. ఖరీఫ్‌లో బోర్లు తోడింది 1.3 లక్షలు తీసేస్తే 2.2 లక్షలు. 3,000 మంది జనానికి రోజుకు తలకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 60 వేలు తీసి పక్కన పెట్టాలి. రబీకి మిగిలింది 1.6 లక్షలు.

ఇప్పుడు రైతులు చెప్పిన పంటలు: వరి 30 ఎకరాలు, శనక్కాయ 50 ఎకరాలు. వరికి 1.46 లక్షలు, శనక్కాయకు 1.01 లక్షలు, మొత్తం 2.47 లక్షలు. లోటు 87 వేలు. వరిని 10 ఎకరాలకు దించి, ఆ 20 ఎకరాల్లో 300 మి.మీ. నీటితో కొర్ర వేస్తే మొత్తం 1.74 లక్షలకు వస్తుంది. ఇంకా 14 వేలు లోటే. ఆ 14 వేలు బోర్డు మీద అలాగే వదలాలి. లెక్క సున్నకు తేలేదాకా అంకెలు సవరించే ఉత్సాహం కొత్త కార్యకర్తలకు ఉంటుంది. అలా సవరించిన బోర్డు ఫిబ్రవరిలో నమ్మకం పోగొడుతుంది.

సరిచూసుకోవడానికి మట్టం ఉంది. ఇలాంటి నేలలో నీటి పొర దిగుబడి, అంటే తడిసిన నేల మొత్తంలో తోడుకోగల నీటి వంతు, 1.5 నుంచి 3 శాతం. 1,000 హెక్టార్లలో మట్టం సగటున ఒక మీటరు పెరిగితే 1.5 లక్షల నుంచి 3 లక్షల ఘనపు మీటర్లు చేరినట్టు. వాన లెక్క, మట్టం లెక్క ఒకదానికొకటి దగ్గరగా కూడా రాకపోతే గ్లాసు మారిందేమో, ఆటో స్టార్టర్ లేచిందేమో ముందు అది వెతకాలి.

లెక్కే పనికిరాని చోట్లూ ఉన్నాయి. కొలిమిగుండ్ల, బనగానపల్లె వైపు సున్నపురాయి. బెలూం గుహలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, కింద నీళ్లు సొరంగాల్లో పోతాయి, పైన గీసిన వంక హద్దు వాటికి పట్టదు. గ్రానైట్‌కు వాడే శాతాలు అక్కడ వాడితే బోర్డు అబద్ధం చెప్తుంది. అలాంటి చోట మట్టం మాత్రం చూడండి, బడ్జెట్ వేయకండి అన్నది మా సలహా.

రైతులు చెప్పే ఎకరాలు తక్కువగా ఉండటం ఇంకో చిక్కు. లెక్క చెప్తే కరెంటుకు మీటరు పెడతారేమోనన్న అనుమానం దానికి మూలం. రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ (సాగైన పంటల ఆన్‌లైన్) నమోదుతో డిసెంబరులో పోల్చుకుంటే ఎంత తగ్గించి చెప్పారో తెలుస్తుంది. ఆ తేడాను ఊరి మొత్తంగానే బోర్డు మీద పెట్టాలి, ఎవరి పేరూ రాయకూడదు. డ్రిప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డ్రిప్ పెట్టగానే నీళ్లు మిగిలాయని రాసుకుంటారు. మిగిలిన నీళ్లతో ఆ రైతు ఇంకో అరెకరం పెడితే నీటి పొరకు మిగిలిందేమీ లేదు. బోర్డు మీద డ్రిప్ ఎకరాల పక్కన ‘పెరిగిన సాగు’ అనే గడి తప్పకుండా ఉండాలి.

ఈ పద్ధతిలో పెద్ద లోపం మరొకటుంది. బోర్డు ముందు కూర్చునేది బోర్లున్నవాళ్లు. బోరు లేని మెట్ట రైతు, భూమి లేని కూలీ, వాళ్లలో ఎక్కువమంది దళితులు – వీళ్లకు మాట దొరికేది తాగునీటి లెక్క దగ్గర మాత్రమే. అందుకే ఆ నీటిని అన్నిటికంటే ముందు తీసి పక్కన పెట్టాలి, ఆ అంకెను పొదుపు సంఘాల ఆడవాళ్ల చేత రాయించాలి. చివర్లో ‘మిగిలితే’ అని రాసే ఊళ్లలో ఏప్రిల్‌కు ట్యాంకర్ వస్తుంది.

విధానం దగ్గర తెగిన తీగ

పథకం నిధులు ఆగాక చాలా చోట్ల కొలతలు ఆగాయి. తీగలు తెగాయి, బ్యాటరీలు అయిపోయాయి, రిజిస్టర్లు కమిటీ అధ్యక్షుల ఇళ్లలో ఉండిపోయాయి. రైతులకు ఆసక్తి పోయిందని తేల్చేయడం తేలిక. కానీ పక్కనే పొదుపు సంఘాలను చూడండి. 1990ల మధ్యలో ఐరాస అభివృద్ధి కార్యక్రమమైన యూఎన్‌డీపీ తోడ్పాటుతో అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సాపాప్ అనే పేదరిక నిర్మూలన పథకం నడిచింది, ఓర్వకల్లు మహిళల పేరు అప్పుడే బయటికొచ్చింది. అదీ నిధులతో నడిచిన పథకమే. అది 2000లో రాష్ట్ర ప్రభుత్వ వెలుగు పథకంగా, 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌గా రాజ్యవ్యవస్థలోకి వెళ్లింది. ఆడవాళ్లు నేర్చుకున్న లెక్కను తీసుకునేందుకు అటు బ్యాంకు ఉంది, నెలనెలా చూసే ఆడిట్ ఉంది. నీటి రిజిస్టరును తీసుకోవాల్సిన కిటికీ ఏ ఆఫీసులోనూ లేదు.

డబ్బు కేటాయింపులోనూ అదే కనిపిస్తుంది. వాటర్‌షెడ్ (వంక పరీవాహక నేల అభివృద్ధి) పనులకు కేంద్రం ఇచ్చిన 2003 హరియాలి మార్గదర్శకాల్లో 85 శాతం నిర్మాణాలకు పోతే, ప్రజలను కూడగట్టి శిక్షణ ఇవ్వడానికి 5 శాతం. 2008 ఉమ్మడి మార్గదర్శకాల్లో అధ్యాయాలు పెరిగాయి, సంస్థల నిర్మాణం, శిక్షణకు మళ్లీ 5 శాతమే. స్వచ్ఛంద రంగంపై 2007 జాతీయ విధానం ఈ సంస్థలను భాగస్వాములంది. ఆ 5 శాతం మాత్రం వాటిని చెక్‌డ్యామ్ మేస్త్రీల వరుసలో నిలబెట్టింది. రాతి కట్టడానికి కొలతల పుస్తకం ఉంది, నేర్చుకున్న ఊరికి లేదు.

2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన తెచ్చింది, జనం వేసుకునే నీటి బడ్జెట్ అందులో ముఖ్యమైన మెట్టు. ఏడు రాష్ట్రాలకు ఇచ్చారు, ఆంధ్రప్రదేశ్ వాటిలో లేదు. ఇక విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఆ నిధులు తెచ్చుకున్న సంస్థ వాటిని మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. ఐరాస సంస్థల నిధులది వేరే దారి గానీ, మామూలు దాతల సొమ్ముతో ఒక పెద్ద సంస్థ కింద మండలానికో చిన్న సంస్థ పనిచేసే పాత అల్లిక ఇక కష్టమే. అంటే ఇప్పుడు ఈ పని మొదలుపెట్టే సంస్థ మొదటి రోజు నుంచే పంచాయతీ వైపు చూడాలి.

అందుకు చట్టంలో చోటుంది. 73వ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో చిన్ననీటి వనరులు, నీటి యాజమాన్యం ఉన్నాయి, వయోజన, అనియత విద్య కూడా ఉంది. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం 2018 నుంచి అక్టోబరు 2న మొదలుపెట్టి గ్రామసభలు నడుపుతున్నారు. నీటి బడ్జెట్ పడాల్సిందీ అప్పుడే. అదే గ్రామసభలో బోర్డు నిలబెట్టి, లోటు అంకెను తీర్మానంలో రాయించాలి. అప్పుడు కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో నీటి పనులకు కేటాయించిన వాటా నుంచి ఏ పని ముందు చేయాలో అడగడానికి ఆధారం దొరుకుతుంది. వంక రెండు పంచాయతీల్లో పారితే రెండు సభల్లోనూ అదే బోర్డు పెట్టాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కొన్ని వంకలు రెండు జిల్లాల పాలయ్యాయి, అక్కడ సమాఖ్య సభ్యులే కాగితాలు మోయాలి.

అప్పజెప్పడం

మూడు జల సంవత్సరాలు చాలు. మొదటి ఏడాది కొలత తప్ప ఇంకేదీ వద్దు, బడ్జెట్ ఊసెత్తొద్దు. రెండో ఏడాది కార్యకర్త పక్కన ఉండి లెక్క వేయించాలి. మూడో ఏడాది ఊరివాళ్లే వేయాలి, సంస్థ మనిషి వెనక వరుసలో కూర్చుని నాలుగో వంతు బోర్లను మాత్రం తిరిగి కొలవాలి. రెండు కొలతల మధ్య 10 సెంటీమీటర్లకు మించి తేడా వచ్చిన బోరును ఆ పూటే మళ్లీ చూడాలి.

వెళ్లేముందు రాతపూర్వకంగా అప్పజెప్పాల్సినవి: వానమాపకం, దాని మూతి సైజుకు సరిపోయే రెండు గ్లాసులు, తీగ, రెండు బ్యాటరీలు, గీత పెట్టిన డ్రమ్ము, స్టాప్‌వాచ్, మూడేళ్ల రిజిస్టర్లు. ఇవి కమిటీ అధ్యక్షుడి ఇంట్లో కాదు, గ్రామ సచివాలయంలో స్టాక్ రిజిస్టర్ ఎక్కాలి. వాన చూసేవాళ్లు ఇద్దరుండాలి, ఒకరు వలస పోయినా రెండోవాళ్లు చూస్తారు. అనంతపురంలో జనవరి దాటితే బెంగళూరు బస్సు ఎక్కేది ఎక్కువగా చదువుకున్న కుర్రాళ్లే. వానమాపకం బాధ్యత వాళ్లకిచ్చిన ఊళ్లలో ఫిబ్రవరి నుంచి గడులన్నీ ఖాళీగా కనిపిస్తాయి. వానమాపకం పెట్టిన వీధిలోనే ఉండే, పొదుపు సంఘం పుస్తకం రాసే ఆమెకిచ్చిన చోట సున్నలు కూడా వరుసగా ఉంటాయి.